పీత పట్టు

పుంతా అరేనాస్‌లో గాలి ఎవర్నీ నిటారుగా నడవనివ్వదు.
ఆస్పత్రి నేలమాళిగలో మాత్రం గాలి లేదు, కిటికీ లేదు.
సీసపు ఇటుకల గోడ,
దాని వెనక పాలక్యానంత జెనరేటరు.
తెల్లారి ఆరున్నరకి, ఆవుని పితికినట్టు,
దాన్నించి గాలియం పిండుతాను.
పేరులోనే గాలి. తీరా చూస్తే లోహం.
చూడ్డానికి మంచినీళ్ళు, చెంచాడు.
అరవై ఎనిమిది నిమిషాలకి సగమవుతుంది,
మరో అరవై ఎనిమిదికి సగంలో సగం.
మంచుగడ్డ దోసిట్లో పట్టుకుని
పొరుగూరు బయల్దేరినవాడి తొందర నాది.

దాన్ని ఒంటరిగా నెత్తుట్లోకి వదలకూడదు.
ఇనుమే అనుకుని రక్తం భుజానెత్తుకుంటుంది,
ఒళ్ళంతా ఊరేగిస్తుంది,
దిగాల్సిన గుమ్మం దగ్గర దించదు.
అందుకని ఓ పట్టుకునేవాడు కావాలి.
మూడు నత్రజనులు, మూడు ఆమ్లపు చేతులు,
నడుమ ఒకే ఒక్కరు కూర్చునే గూడు,
తోకకి కట్టిన తాళంచెవి.
కీలేటర్. గ్రీకులో పీత డెక్క అని అర్థం.
చదువుకునే రోజుల్లో ఆ మాట విని నవ్వాను.
మా నాన్న గొంతు ఎండితే బీరు, కడుపు ఎండితే పీత.

ఇవాళ ఒక్కడే రోగి.
ఎలియొదోరో మన్సీయా, డెబ్భై ఒకటి.
యాభై ఏళ్ళు జలసంధిలో సెంతోయా పట్టాడు,
ఆ ఎర్రటి ముళ్ళ పీత.
పేగు మలుపులో ఏదో ఉంది, ఇంకా ఎక్కడెక్కడుందో తెలియదు.

ఏడుంబావుకి కాగితపు పట్టీ చెప్పింది:
నూటికి పధ్నాలుగు పాళ్ళు ఎవరి చేతికీ చిక్కలేదు.
వెతికితే తప్పు నాదే.
ప్లాస్టిక్ సూది అయిపోయి స్టీలు సూది వాడాను.
ఆమ్లంలో దాని ఇనుము ఇసుమంత కరిగి
ముందే వెళ్ళి గూళ్ళల్లో కూర్చుంది.
పట్టుకునేవాడికి పేర్లు తెలియవు,
ముందొచ్చినవాడిదే కుర్చీ.
ఆ సీసాని సీసం కింద పాతిపెట్టి
పైకెళ్ళి చెప్పాను: మూడు గంటలు ఆగాలి, దోన్ ఎలియొదోరో.
జెనరేటరు మళ్ళీ చేపుకి రావాలి.

తుఫానుకి పదకొండు రోజులాగినవాణ్ణి, అన్నాడు.

కాఫీ వద్దన్నాడు. ఉపవాసమేమో అనుకున్నాడు పాపం.
అవసరం లేదని నేనూ చెప్పలేదు, మర్చిపోయి.
ఊసుపోక ఈ పీత సంగతి చెప్పాను,
ఆరు చేతులు, నడుమ గూడు.
"సరిగ్గానే పెట్టారు పేరు.
సెంతోయాకి నడిచే కాళ్ళు ఆరే.
ఇంకో జత ఉంది, చిప్ప కింద దాచుకుంటుంది.
కానీ అమ్మాయీ, పట్టుకోవడం గురించి దాన్నడగకు.
కాలు పట్టుకుని లాగితే కాలిచ్చేసి పోతుంది.
చేతిలో కాలు ఉంటుంది,
పీత ఉండదు."
ఆగి, కడుపు తడుముకున్నాడు.
"పీత కష్టాలు పీతవిలే."

పది దాటాక మళ్ళీ పిండాను.
ఈసారి ప్లాస్టిక్ సూది, రెండుసార్లు చూసుకుని.
పట్టీ మీద నూటికి ఒక్కటి కూడా జారలేదు.
ఉడుం పట్టు. సిరంజి సీసపు డబ్బాలో పెట్టి
మెట్లు రెండేసి ఎక్కాను.

తెరమీద అతను బూడిదరంగు నీడ.
పేగు మలుపులో ఒక చుక్క.
కాలేయంలో మూడు.
డాక్టరు మిర్నా గొంతు సవరించుకుంది.
ఆయనే ముందు మాట్లాడాడు:
"బోయాలు.
అడుగున బుట్ట ఎక్కడుందో చెప్పడానికి వేస్తాం.
లాగడం వేరే పని, దానికి వేరే మనుషులు."
టోపీ పెట్టుకున్నాడు. బయట గాలి
తలుపు తీసేలోపే దాన్ని ఊడబీకింది.

రాత్రి చెయ్యి కడుక్కుంటూ లెక్కేశాను:
ఈపాటికి అతనిలో గాలియం దాదాపు లేదు,
పట్టు సడలకుండానే
గూట్లో మనిషి మారిపోయి ఉంటాడు. జింకు.
వెలుగు లేదు, ప్రమాదం లేదు,
గోళ్ళకీ జుట్టుకీ పనికొచ్చే మామూలు లోహం.
ఆ ఆరు చేతులకి తేడా తెలుస్తుందో లేదో.

రేపటి జాబితా గోడకి అంటించాను.
స్టీలు సూదుల పెట్టె ఎత్తి
పక్క గదిలో, అందని అరమీద పెట్టాను.