పడమటి గోడ

"పనికొస్తుందిలే" అన్నదే మా ఇంటిపేరు.
హార్లిక్స్ సీసాలు, ఊచలిరిగిన గొడుగులు,
మూత లేని క్యారేజీ, క్యారేజీ లేని మూత.
మంచం సగం నాది, సగం పాత పేపర్లది;
భూలక్ష్మి వరండాలో పడుకోబట్టి రెండేళ్లు.

మొన్న తను ఏమీ అనలేదు.
అందుకే భయమేసింది.

రాజోలు నుంచి నూకరాజు ట్రక్కాటో తెచ్చాడు.
కాటా ఎక్కేదాన్నల్లా నా చెయ్యి వెనక్కి లాగుతోంది.
"ఆ డబ్బా ఉండనీ..."
"ఎలకలే వదిలేసినియ్యండి బాబూ దాన్ని."

మధ్యాహ్నానికి గోడ కనపడింది,
గోడ మీద బురదరంగు గీత.
ఎనభై ఆరు వరదది.
ఎన్ని సున్నాలేసినా పైకి తేలుతోందని అమ్మ తిట్టుకునేది.
దానికడ్డంగా మొదటి పెట్టె పెట్టింది నేనే.
మర్చేపోయాను.

ఆ రాత్రి ఇంటికప్పు మీద కూచుని
కొట్టుకుపోయేవి ఒక్కోటీ లెక్కెట్టాను:
కుంచం, పీట, నా పలక,
ఆ తర్వాత లెక్క రాలేదు.

వెళ్లి గీత పక్కన నిలబడ్డాను.
అప్పుడు మెడ దాకా.
ఇప్పుడు మొలతాడు దగ్గర.

"ఇంకేమన్నా ఉన్నాయాండీ?"
గేటు దగ్గర నుంచి నూకరాజు కేక.
జేబులో తాడుముక్కని పిడికిట్లో నొక్కి
లేవన్నాను.

వరండాలోంచి భూలక్ష్మి
మంచం ఈడ్చుకొస్తున్న చప్పుడు.