పన్నెండు తర్వాత

మెళియాపుట్టి డిపోలో కాటా నాది.
చింతపండు, కొండచీపుళ్లు, ఎండిన కరక్కాయ,
పుస్తకంలోకి ఏది ఎక్కాలన్నా
ముందు నా ముల్లు ఒప్పుకోవాలి.

సవర ఇండాయి మొదటిసారి దిగిన రోజు
తట్ట కింద పెట్టి, నా కూజా వైపు చెయ్యి చూపి
"దా" అంది.
రమ్మంటోందనుకుని కుర్చీలోంచి లేచాను.
సంతంతా నవ్వింది.
ఆవిడ అడిగింది నీళ్లు.

అదీ సరిగ్గా దా కాదు.
దా అన్నాక గొంతులో ఎవరో తలుపేసి,
మళ్లీ సందు తీస్తే బయటపడే ఇంకో చిన్న అ.
చీకట్లో మెట్లు దిగుతూ
లేని మెట్టు మీద కాలేసినప్పుడు
గుండె ఆగేటంతసేపు.
ఆ ఆగడం కూడా వాళ్లకి అక్షరమే.

రసీదు మీద ఊరి పేరు రాయాలి.
ఆ పేరు చివరా అదే తలుపు.
విసర్గ పెట్టాను, ఊపిరి ఎక్కువైంది.
పొల్లు పెట్టాను, మూగదైపోయింది.
ఖాళీ వదిలేస్తే
ఆడిటరు ఎర్రసిరాతో చుట్టాడు.
ఎవరూ పలకని అరసున్నాకి
మా పలక మీద చోటుండేది.
ఈవిడ దాహమేసినప్పుడల్లా పలికేదానికి
యాభయ్యారింటిలో ఒక మూల లేదు.

మాకు చివర అచ్చు లేకపోతే ముద్ద దిగదు.
బస్సుకి ఒక ఉ, రోడ్డుకి ఒక ఉ,
ఆసుపత్రిలో బెడ్డుకి కూడా.
ఇండాయి మాటలు అలా గుమ్మం దాటి రావు,
లోపల్నుంచే గడియ పెట్టుకుంటాయి.

కోడలిది మహేంద్రతనయ అవతల, పర్లాకిమిడి వైపు.
కాటా ముందు నిలబడే అత్తాకోడళ్లకి తగువు.
"వాళ్లు మాటని నానబెట్టి మింగుతారు" అని ఈవిడ.
"వీళ్లు పచ్చిదే కొరుకుతారు" అని ఆ పిల్ల.
నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి.
విజయవాడ ట్రైనింగులో నేను "ఏటండీ" అనగానే
హాలంతా నవ్వినప్పుడు
ఆ చెవుల్ని తిట్టుకుంటూ రైలెక్కాను.
ఇప్పుడా చెవులు నాకే ఉన్నాయి.

అసలు తంటా లెక్క దగ్గర.
పద్నాలుగు తట్టలన్నాను.
"మిగ్గెల్ బగు" అంది.
సరుకు బాగుందంటోందని తలూపాను.
బగు అంటే రెండట.
మిగ్గెల్ అంటే పన్నెండు.
పన్నెండు మీద రెండు!
పది దగ్గర ఆగడమంటే ఆవిడకి
ఊరు రాకుండా బస్సు దిగిపోయినట్టు.
పన్నెండు దాకా నడిచి,
అక్కడ నడుం వాల్చి,
అప్పుడు మళ్లీ ఒకటి.

ఈ ఏడాది ఇండాయి రాలేదు.
మనవడు సోంబారు వచ్చాడు, ఆశ్రమ బడి నిక్కరులో.
"మా మామ్మకి గుండెల్లో నొప్పండి, దిగలేదు" అన్నాడు
రేడియోలో వార్తలంత శుభ్రంగా.
కూజా చూసి "మంచినీళ్లు" అన్నాడు.
ఏ తలుపూ పడలేదు.
ఎందుకో నాకే గొంతు పట్టేసింది.

తట్టలు తనే లెక్కపెడతానన్నాడు.
ఒకటి, రెండు, మూడు,
తెలుగులో, తడబడకుండా.
పది మీంచి ఆగకుండా దూకేశాడు.
పదకొండు.
పన్నెండు.

ఆగాడు.
అలిసి కాదు, మరిచి కాదు.
చెయ్యి తర్వాతి తట్ట అంచు మీదే ఉంది,
గొంతు దగ్గర ఏదో చిన్నగా మూసుకుని
తెరుచుకుంది.

పదమూడు.

వాడికి తెలీదు.
నేను చెప్పలేదు.
పుస్తకంలో పన్నెండో వరస కింద
ఒక గీత ఖాళీ వదిలి
పదమూడు రాశాను.

మార్చిలో ఆడిటరొస్తాడు.
రానీ.