తేడా

గిరి మార్కెట్ వెనక సందులో నా స్క్రీన్ ప్రింటింగు.
బరంపురంలో ముప్పై రెండేళ్ళుగా అచ్చేసినవన్నీ శుభలేఖలే:
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
రెండూ గుండ్రటి అక్షరాలే,
ఇంకు ఎక్కువైతే రెంటికీ కడుపు పూడిపోతాది.

ఆషాఢం, బల్ల ఖాళీ.
కాలేజీ నుంచి ఇతిశ్రీ వచ్చి
అక్షరాల్లేని అచ్చు అడిగింది.
మూడు గీతలు, చివర చిన్న గుండ్రం.
"బొగ్గు ఇంకు, మవుసా. ఒక్క గీత మాత్రం వెండిది."
ఎవరికమ్మా ఈ పెళ్ళి అన్నాను.
"నెత్తురుకీ కరెంటుకీ" అంది, నవ్వకుండా.

మందుల షాపులో పట్టీ ఒక్కోటి ఇరవై రూపాయలు.
నెలకోసారి వేలు గుచ్చుకుని
మిగతా ఇరవై తొమ్మిది రోజులూ
బాగానే ఉందనుకునే మనిషిని నేను.
మా నాన్నకి అదీ లేదు.
దొడ్లో ఆయన కూర్చుని లేచిన చోటు
అమ్మ వెళ్ళి చూసొచ్చేది.
"ఈవేళ చీమలు ఎక్కువున్నాయి" అనేది.
చీమలకి అంకెలు రావు.
కాలి బొటనవేలు తీసేశాకే లెక్క తెలిసింది.

మెష్ బిగించి, రబ్బరు బద్దతో ఒక్క లాగు.
మొదటి రోజు గీతలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి.
రెండో రోజు వెండి పెళుసుబారి రాలింది.
మూడో రోజు మెష్‌లో దాక్కున్న బంగారు ఇంకు
ఎవరి పెళ్ళిదో, మా బొగ్గులో మెరిసింది.

బొట్టు పడే చోట ఆ పిల్ల ఏదో చుక్క అద్దేది,
ఐసు డబ్బాలో తెచ్చి,
పసిబిడ్డకి ఉగ్గు పట్టినంత మెల్లగా.
బూజు నుంచి తీసిందట.
ఊరగాయ జాడీలో కనిపిస్తే
అమ్మ గరిటెతో తీసి పారేసే నల్లబూజు,
దాని చుట్టమేనట.
తీపిని పట్టి కొరుకుతుందట,
కొరికినప్పుడల్లా రవ్వంత కరెంటు రాలుతుందట,
దాన్ని నా బొగ్గు గీత మోసుకుపోతుందట.
అంటే చీమే కదా, అన్నాను.
చాలాసేపు ఆలోచించి
"లెక్క రాసే చీమ" అంది.

గోడ మీద పెన్సిలుతో మూడు గళ్ళు:
షాపు మీటరు, మన పట్టీ, తేడా.
212, 261, 49.
198, 155, 43.
ముసురు పట్టిన రోజు మన పట్టీ ఏమీ చెప్పలేదు,
తడిగుడ్డలా పడుంది.
నా వేళ్ళన్నీ అయిపోయాక
చాయ్ కొట్టు సిమ్మాద్రి చెయ్యి చాపాడు.
వాడి అంకె చూసి నేనే స్టూలు జరిపాను.
"దీన్ని నమ్మకు, ఇది ఇంకా పరీక్షే.
రేపు పెద్దాసుపత్రికి వెళ్ళు" అంది ఇతిశ్రీ.
రోజంతా గ్లాసుల్లో చక్కెర వేసే చేత్తోనే
వాడు నుదురు తుడుచుకున్నాడు.

శ్రావణం వచ్చింది.
పసుపు అంచుల కార్డుల కట్టల మధ్య
ఆరేసిన ప్లాస్టిక్ షీట్లు, షీటుకి నలభై పట్టీలు.
పెళ్ళివారిలో ఒకాయన ఒకటి తీసి అటూఇటూ తిప్పి
"పేర్లు వెయ్యడం మర్చిపోయారే" అన్నాడు.
ఊరుకున్నాను.

ఈవేళ్టి తేడా పదకొండు.
పెన్సిలు చెవి వెనక పెట్టుకుని
వాళ్ళ కార్డులు కొయ్యడానికి కూర్చున్నాను.