తెర వెనక నుంచి

ఎతెరిది రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
పొద్దున్న ఏడింటికి వస్తుంది, కనుబొమల మీద పిండితో.
బూట్లు విప్పి, తెర లాగి, గోడవైపు తిరిగి పడుకుంటుంది.
వంట నాది. అదీ ఒప్పందం.
కుతాయిసిలో, నాలుగో అంతస్తులో,
ఒకటే గది, ఒకటే పొయ్యి,
మధ్యలో వెలిసిపోయిన పువ్వుల తెర.

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను.
బోల్టు మొరాయిస్తే ఇంకాస్త గట్టిగా తిప్పడమే తెలుసు.
ఉల్లిపాయల దగ్గరా అంతే చేశాను,
మంట నిండా పెట్టి, గరిటెతో తరిమి తరిమి.
తెర వెనక నుంచి, కళ్ళు తెరవకుండానే:
"గురామ్, వాటికేమైనా రైలు తప్పిపోతోందా?
మంట తగ్గించు. చిటికెడు ఉప్పు చల్లు.
చెమట పట్టనీ.
గుసగుసలాడుతున్నట్టుండాలి, పోట్లాడుతున్నట్టు కాదు."

చెవితో రుచి చూస్తుంది మా ఆవిడ.

ఎర్ర చిక్కుడు గింజలు రాత్రే నానబోశాను. అక్కడికి మెచ్చుకుంది.
ఎసరు మరిగీ మరగకుండానే పుల్లటి ప్లమ్ పచ్చడి సీసా మూత తీశాను.
మూత చప్పుడు ఆమె నిద్రలోకి వెళ్ళింది.
"ఇప్పుడే పులుపు వేస్తే గింజ అలుగుతుంది.
వేళ్ళ మధ్య నలిగేదాకా ఆగు."
అప్పటికే వేసేశాను. చెప్పలేదు.
సాయంత్రం ఆరింటికి కూడా ఆ గింజలు పళ్ళకి ఎదురు తిరిగాయి.
మా త్సిరా, పదకొండేళ్ళది,
ఒక్కో గింజని నేలకేసి కొట్టి
ఎంతెత్తు ఎగురుతుందో స్కేలు పెట్టి కొలిచింది.

తర్వాత నేర్చినవాటికి వరసేమీ లేదు.
కొత్తిమీర కాడలు ఉల్లితోపాటే,
ఆకులు పొయ్యి ఆర్పాక.
గరిటెడు గింజల్ని కుండ గోడకేసి మెదిపితే
పులుసు తనంతట తనే చిక్కబడుతుంది.
అక్రోటు పప్పు కాస్త వెచ్చబెట్టి దంచాలి.
ఎండు బంతిపూల రేకులు రెండు వేళ్ళకొచ్చినన్నే,
మించితే పూలదండ నమిలినట్టుంటుంది.
బంగాళాదుంప ముక్కల్ని పెనం మీద వేశాక
చేతులు వెనక్కి కట్టుకోవాలి.
"కదపకు. ఎర్రబడ్డాక అదే వదులుతుంది.
మా నాన్న ఎదుట కూర్చున్న రోజు ఎలా ఓపిక పట్టావో
అలా పట్టు."
ఆ రోజు నాకు ఓపిక లేదు, భయం ఉంది.
పెనం ముందు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నిన్నటి రొట్టె గట్టిపడిందని చెత్తబుట్ట తెరిచినప్పుడు మాత్రం
ఆమె లేచి కూర్చుంది.
"చెయ్యి తడుపు. దాని వీపంతా నిమురు.
ఓవెన్‌లో ఐదు నిమిషాలు.
రాత్రంతా నిలబడి చేసేది పారెయ్యడానికా?"
నిమిరాను. పెట్టాను.
పైపెంకు మళ్ళీ కరకరలాడింది.
త్సిరా నాకు అంచు మిగల్చలేదు.

మొన్న గురువారం
ఉల్లి గుసగుసలాడింది, గింజ నలిగింది,
పులుపు తన వంతు వచ్చేదాకా ఆగింది.
తెర వెనక నుంచి మాట లేదు.
గరిట కావాలని కుండకి తగిలించాను.
లేదు.
"ఉప్పు సరిపోయిందంటావా?" అని పువ్వుల్ని అడిగాను.

తెర కొంచెం పక్కకి జరిపి చూశాను.
నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి మంచం బయటికి వేలాడేసి
నిజంగా నిద్రపోతోంది.
ఇన్నాళ్ళూ పడుకోవడమే గానీ
నిద్రపోవడం ఇవాళే చూస్తున్నాను.

వెనక్కొచ్చి, చెంచాతో తీసి, ఊది,
నాలుక మీద వేసుకున్నాను.
తక్కువైంది.
డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి
వేశాను.