ఏడో సీనులో వేలికి కట్టు

మా ఢిల్లేశు సినిమాలో కాలయంత్రం
తొమ్మిది నిమిషాలే వెనక్కి పోతుంది.
అంతకన్నా వెనక్కంటే
పాత బస్సులు కావాలి, పాత నోట్లు కావాలి,
గోడల మీద పాత పోస్టర్లు.
"డబ్బుల్నేవు బావూ, తొమ్మిది సాలదేటి?"

పలాసలో మూతబడిన జీడి ఫ్యాక్టరీ.
పిక్కలు కాల్చే డ్రమ్మే యంత్రం.
దాంట్లోంచి బయటికొస్తూ హీరో దగ్గుతాడు చూడు,
అది నటన కాదు.

వెదురుకర్రకి కట్టిన మైకు నా చేతిలో ఉండేది.
ప్రతి మాట కిందా ఏదో ఒక గూడ్సు బండి.
హౌరా లైన్ని ఆపమని ఎవర్ని అడుగుతాం?
ఆ చప్పుడు తీసెయ్యడం చేతగాక
"ఇది కాలం కదిలే చప్పుడు" అని
స్క్రిప్టులో కొత్తగా ఒక ముక్క రాసుకున్నాడు.

దమయంతి నటి కాదు. పిక్కలు కొట్టే మనిషి.
రోజుకి ఎన్ని కిలోలు కొట్టేదో లెక్కగట్టి
ఆ కూలే ఇచ్చాం.
ఇరవై రెండో సీనులో జీడిరసం చింది
ఆమె వేలు కాలాలి.
నిజంగానే కాలింది.
మేం కట్ చెప్పలేదు.

ఏడో సీను ఆ తర్వాత వారం తీశాం.

కాశీబుగ్గలో ఒక్క ఆట, ఉదయంపూట.
పదమూడుమంది, అందులో వానకి లోపలికొచ్చినవాళ్ళు ఐదుగురు.
"ఒరే, ఇంకా కాల్నేదు, అప్పుడే కట్టేటిరా!"
ఎవడో అరిచాడు. హాలంతా, అంటే పదమూడుమందీ, నవ్వారు.
ఇంటర్వెల్లో బయటికెళ్ళిన ఢిల్లేశు
మళ్ళీ లోపలికి రాలేదు.

తర్వాత తుఫానొచ్చింది.
జీడితోటలు వేళ్ళతో సహా పడుకున్నాయి.

నిన్న పాత హార్డ్ డిస్కులో మళ్ళీ చూశాను.
ఏడో సీను. వెనకాల తోట ఉంది,
ఆకులు మామూలుగా కదులుతున్నాయి.
కట్టు వేలితో పిక్క కొడుతూ
చూడొద్దన్నా కెమెరా కేసి చూసింది దమయంతి,
జరగబోయేది ముందే జరిగిపోయినదానిలా.
మా సినిమా మొత్తంలో
నిజంగా వెనక్కెళ్ళింది ఆవిడొక్కతే.

ఢిల్లేశుకి ఫోన్ చేశాను.
ఇచ్ఛాపురంలో పెళ్ళి వీడియోలు తీస్తున్నాడిప్పుడు.
"ఆ కట్టు తప్పు కాదురా" అన్నాను.
"ఏటి? ఇనబణ్ణేదు, ఉండు."
వాడి వెనక గూడ్సు బండి.
ఎన్ని పెట్టెలో.
అది పోయేదాకా
ఇద్దరం ఫోన్లు చెవిదగ్గరే పెట్టుకున్నాం.