డబ్బా నీళ్లు

కొండిపుట్టుగ గుడికి రెండేళ్లకోసారి వెళతాను.
డప్పులు, బంతిపూల దండ, జీడితోటల మధ్య ఎర్రమట్టి దారి.
ఉంగరాన్ని తాకే పెదవులు
ఎప్పుడూ ఎండి, గరుకుగా ఉంటాయి.
ఉద్దానం ఎండ కదా అనుకునేవాణ్ని.

ఈసారి భద్రమైన అభ్యంగనం పదకొండు మందికి.
జ్ఞానస్నానం ఒక్క పసిగుంటకి.

తొట్టి మీద చెయ్యి చాపి
నీళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ దేవుడికి గుర్తుచేశాను:
ఆదిలో నీళ్ల మీద అల్లాడిన ఆత్మ,
చీలి దారిచ్చిన సముద్రం, యొర్దాను,
బల్లెపు పోటుకి ప్రక్కలోంచి కారిన నెత్తురూ నీరూ.
పొడుగాటి ప్రార్థన. నాకిష్టమైనది.
సగంలో ఉండగా
ఫిలోమినమ్మ లేచి నిలబడింది.

"సామీ, ఆ నీళ్లెక్కడివి?"

విచారణ గురువు చిన్నవాడు, కంగారుగా
"బోరువమ్మా" అన్నాడు.

"బోరువైతే ఒద్దు బావూ.
నా మనవరాలి నెత్తి మీద అవి పొయ్యకండి.
డబ్బా తెప్పించినాను."

ఒక కుర్రాడు భుజాన మోసుకొచ్చాడు,
నీలం డబ్బా, ఇరవై లీటర్లు.
దాని మీద మంచుకొండ బొమ్మ.
బలిపీఠం మెట్టు మీద దింపి చెమట తుడుచుకున్నాడు.

ఏ నీరైనా చెల్లుతుంది. వాననీరు, బావినీరు, సముద్రపు నీరు.
గురువిద్యాలయంలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను.
జనం భయపడే నీటి గురించి
ఆ ప్రశ్నపత్రంలో ఏమీ లేదు.

ఆమె ఇన్నాసు భార్య.
ముప్పై నాలుగేళ్లు ఉపదేశిగా సైకిలు తొక్కిన తామాడ ఇన్నాసు.
గుంటూరు యాసతో నేను తొలి ప్రసంగం చేసిన రోజు
గుడి వెనక్కి పిలిచి,
"బాగా సెప్పినారు సామీ, ఎవులికీ అర్థం కానేదు" అన్నవాడు.
తర్వాత పలాసలో, వారానికి రెండు మార్లు,
చేతికి రెండు గొట్టాలతో పడుకుని,
మిషను తిరిగే చప్పుడుకి తగ్గట్టు జపమాల తిప్పేవాడు.
"మా ఊళ్లో ఒయసు అడగరు సామీ,
క్రియాటినిన్ ఎంతని అడుగుతారు" అని నవ్వాడొకసారి.
నేనూ అదే అడిగాను ఆ రోజు, కుర్చీ లాక్కుంటూ.

చివరి తైలం నేనే పూశాను.
నీళ్లు అడిగాడు.
రోజుకి ఇన్ని గుక్కలనే లెక్క అప్పటికే దాటింది.
దూది తడిపి పెదవులకి అద్దాను.
ప్రతి మంచి శుక్రవారం ‘దప్పికగొనుచున్నాను’ అని
ఒక్క ఊపిరిలో చదివి ముందుకు వెళ్లేవాణ్ని.
ఇప్పుడు ఆ మాట దగ్గర గొంతు ఆగుతుంది.
జనం భక్తి అనుకుంటున్నారు.

దేవుణ్ని నమ్మలేనని ఫిలోమినమ్మ అనలేదు.
నీళ్లని నమ్మలేనంది.
ఈ రెంటికీ మధ్య ఎంత దూరమో
నా పుస్తకాల్లో వెతకాలి.

మూత తీశారు.
డబ్బా వంచుతుంటే గుడగుడమని
గుడంతా వినబడింది.
ప్రార్థన మళ్లీ మొదటినుంచి అందుకున్నాను.
యొర్దాను దగ్గర నాలుక తడబడింది.
ఎమిలియా అని పేరు పెట్టాం. మూడోసారి పోస్తే ఏడ్చింది.

పూజ అయ్యాక సీసాలు పట్టుకుని వరస కట్టే జనం
ఈసారి డబ్బా చుట్టూ చేరారు.
అడుగున మిగిలింది గ్లాసులోకి వంపి
ఆమె నాకు తెచ్చింది.
"తాగండి సామీ, దూరం నుంచొచ్చినారు."
తాగాను. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉంది.

కంచిలి దాటాక డ్రైవరు సిల్వెస్టరు
అలవాటుగా వెనక్కి చెయ్యి చాపి
నా సీసా అందించాడు.

పన్నెండేళ్లుగా ఆ ఊరు వెళుతున్నాను.
అక్కడి బోరునీళ్లు ఎన్నోసార్లు ఆశీర్వదించాను.
ఒక్క గుక్క తాగలేదు.
ఎవరూ వద్దనలేదు.
కారులో సీసా ఎప్పుడూ ఉండేది, అంతే.

మూత తిప్పితే టక్కుమని సీలు తెగింది.
సిల్వెస్టరు అద్దంలోంచి చూశాడు,
"ఏమైందయ్యగారూ, ఎచ్చగా ఉందా?"