నడిమి దొంగ

స్కూలు బాయి పెట్టె తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది.
"రెండేండ్లాయె. ముగ్గురు మాస్తర్లు చూసిన్రు,
చెడిపోయిందని రాసి సంతకాలు పెట్టిన్రు.
నువ్వు మొబైళ్లు బాగుచేస్తవు గదా సడవలీ,
ఇది గూడ ఒక మొబైలే అనుకో."

విప్పి చూసిన. మోటర్లకు గీత గూడ పడలే.
బ్యాటరీ పెట్టే కాడ మాత్రం పచ్చటి చిలుము.
గరుకు కాగితంతోటి రుద్దిన.
రిమోట్ల ఎర్ర అక్షరాలు లేచినయి:
ఏ ఊరు?

జాబితాల నాగపూర్ ఉన్నది, హైదరాబాద్ ఉన్నది.
సిరొంచ లేదు.
నాగపూర్‌కు మేం ఆఖరి తాలూకా,
హైదరాబాద్‌కు ఏటి అవతలోళ్లం.
అంకెలు ఫోన్‌ల చూసి నేనే కొట్టిన,
పద్దెనిమిది యాభై ఒకటి ఉత్తరం,
డెబ్బై తొమ్మిది యాభై ఎనిమిది తూర్పు.
కొడుతుంటెనే ఫోన్ వణికింది:
తెలంగాణకు స్వాగతం.
కుర్చీల నుంచి లేవనన్న లేవలేదు నేను.

చీకటి పడ్డంక ప్రాణహిత ఇసుకల నిలబెడితే
మూడు కాళ్లూ దిగబడ్డయి.
కాలు కింద పెంకు, పెంకు కింద ఇంకో పెంకు,
గాజుకంట్ల బుడగ నడుమకొచ్చేదాక
మోకాళ్ల మీద తిరిగిన.
పక్కనే తునికాకు కల్లం.
ఈ ఒడ్డున కట్టకు డెబ్బై ఆకులు,
ఆ ఒడ్డున యాభై.
అడవికి ఈ లెక్క ఎవలూ చెప్పలే.

"రెండు చుక్కలు చూపియ్యి,
మిగిలినయన్ని నేను దొరకబడుత" అన్నది మిషను.
మొదటిది అల్డెబరాన్ అని పేరు చెప్పి
గుయ్యిమని తిరిగి తూర్పుకు మూతి పెట్టింది.
గొట్టంల కన్ను పెడితే
అక్కడ చుక్క లేదు, ఇటుకబట్టీ పొగ ఉన్నది.

ఫోన్‌ను అడిగితే, అల్డెబరాన్ అంటే రోహిణి అట.
కట్టలు తిరగేస్తున్న తలండి చిన్నుబాయి నవ్వింది.
"రోహిణి ఇప్పుడేడ దొరుకుతది?
పొద్దు వెంట పడమట మునిగింది.
ఇంకో పదిహేను దినాలకు రోహిణి కార్తె,
ఇద్దరు గల్సి మన నెత్తి మాడగొడ్తరు."

నాకు అప్పుడు ఎలిగింది.
నెల ముందు అడిగే దానికి
నేను రోజు ముందు చెప్పిన.
మే పన్నెండు పోయి డిసెంబర్ అయిదు అయింది.
అది పాపం చలికాలపు మొగులును దేవులాడుతున్నది,
మా వీపుల మీద ఎండకాలపు చెమట.
ముగ్గురు మాస్తర్లు, మూడు సంతకాలు.

తారీఖు తిప్పి కొట్టిన.
ఈసారి ఆర్క్‌టురస్ అన్నది, స్వాతి.
గొట్టం పోయి దాని పక్కన ఆగింది,
గడప దాక వచ్చి లోపలికి రాని చుట్టమోలె.
బటన్ ఒత్తితే చుక్క జారె,
ఇడిస్తే ఇటు జారె.
ఊపిరి బిగబట్టి
అడ్డగీతల నడుమకు తెచ్చిన.
తర్వాత స్పైకా, మన చిత్త. అది తొందరగనే వచ్చింది.
టిక్కుమన్నది. కుదిరిందని రాసింది.

"గా కట్టుల్‌ను చూపియ్యి" అన్నది చిన్నుబాయి.
మంచం. మేం గూడ మంచమే అంటం,
ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకపోయే ముగ్గురు దొంగలు.
నడిమి దొంగ పేరు మిషన్ల మైజార్,
పంతులు పెండ్లిల చూపిచ్చే వశిష్ఠుడు గూడ వాడే.
నొక్కిన. మోటర్లు ఉత్తరం దిక్కు ఒక పాట ఎత్తుకున్నయి.

ఆకు వాసన చేతులు వెనక్కు కట్టుకొని
వంగి చూసింది చిన్నుబాయి.
చానసేపు చూసింది.
చుక్క జరగలేదు, మోటర్ సన్నగ
భూమి తిరుగుడును ఎనక్కు మలుపుతున్నది.

"వాని సంకల పిల్ల ఉన్నది" అన్నది.
"ఎన్నేండ్ల సంది మోస్తున్నడో.
దొంగతనానికి పిల్లనెందుకు తెచ్చిండు?"

నేను గూడ చూసిన. నిజమే, ఒక్కడు కాదు,
పెద్ద వెలుగు పక్కన చిన్న వెలుగు.
ఇంట్ల ఎవలూ లేకుంటే
పిల్లను ఎవలికి అప్పజెప్పి వస్తడు?
మాటలు పెరిగినయి. కల్లం మీది ఆడోళ్లు
వరుస కట్టిన్రు, ఒకామె రెండుసార్లు నిలబడ్డది.

తెల్లారి స్కూలు బాయికి బిల్లు రాసిన.
బ్యాటరీలు, నూట అరవై.
మజూరీ, లేదు.
చెడిపోయిన భాగం అన్న కాడ
కొద్దిసేపు ఆలోచించి
తారీఖు అని రాసిన.